కాఫీ కొట్టు బయట బండ్లు

“కోపెన్‌హాగెన్ అంతా తిరిగాం. నువ్వు మాత్రం పొద్దుటి నుంచీ ఆ పిల్లబండి తప్ప ఇంకేమీ చూడలేదమ్మా సిసెల్,” అన్నారు మా అత్తగారు కిర్స్టెన్.

నేను కాఫీ కొట్టు కిటికీ వదల్లేదు. బయట వరసగా నిలిపిన బండ్లలో ఒకదానిలో నా పాప నిద్రపోతోంది. పసిపిల్లలను చలిగాలిలో పడుకోబెట్టడం మా డెన్మార్క్‌లో అందరి అలవాటే. భయపడడం మాత్రం నా ఒక్కదాని అలవాటు.

“చూస్తే తప్పా అత్తయ్యా?”

“తప్పేముంది! రాజభవనం కాపలావాడైనా మధ్యలో రెప్ప వేశాడు. ఆ ఉద్యోగానికి నువ్వే తగినదానివి. నేను నా నలుగురు పిల్లలనూ అలాగే బయట పడుకోబెట్టి, లోపల హాయిగా కబుర్లు చెప్పుకొనేదాన్ని.”

వచ్చే నెల నేను తిరిగి ఉద్యోగంలో చేరాలి. ఇంత నిశ్చింతగా ఉండే మనిషికి పాపను అప్పగించలేనని నిశ్చయించుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. అత్తగారు బయట తన కోటు విప్పి ఒక బండి మీద కప్పి, దాని పిడి పట్టుకుని నిలబడ్డారు. పరుగెత్తాను.

“అత్తయ్యా, మన పాప పక్క బండిలో ఉంది.”

ఆవిడ తొంగిచూశారు. ఎవరి బిడ్డో.

“అందరూ నల్లబండ్లే కొంటారు, శవయాత్రకు వెళ్లినట్టు!” అంటూ కోటు తీసి మా బండి మీద కప్పారు.

“వచ్చే నెల నుంచి పాపను మీరే చూసుకోవాలి,” అన్నాను.

“బండినే గుర్తుపట్టలేని దాన్ని నమ్ముతావా?”

కోటు లేకుండా తడుస్తూనే, ఆవిడ ఈసారి మా బండి పిడి పట్టుకుని వదల్లేదు. అందుకే నమ్మాను.