కొండెక్కిన మంట

“మీరు కాస్త ఆ టార్చి ఇలా పట్టుకుంటారా?”

కన్నతండ్రి తనను ‘మీరు’ అనడం కూతురికి ఇంకా అలవాటు కాలేదు. అయినా, “అలాగేనండీ” అంది. తప్పు దిద్దబోతే ఆయన బెదిరిపోతారని అమ్మ ముందే చెప్పింది.

పెరట్లో ఇల్లుబండి నిలబడి ఉంది. మంచం, పొయ్యి, సింకు అన్నీ అమర్చుకుని ఊళ్లు తిరిగే ఆ పెద్ద వ్యానుకు చిన్నప్పుడు ఆ పేరు పెట్టింది తనే. ఇప్పుడు దాని చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. గడ్డి సగం చక్రం దాకా పెరిగింది. నాన్న మాత్రం ఇంకా అందులో ప్రయాణంలోనే ఉన్నారు.

“మధ్యాహ్నంలోపు ఫ్రిజ్ వెలగాలండీ. లేకపోతే మా పాప పాలు విరిగిపోతాయి,” అన్నారాయన.

ఆ పాప తనే. ఫ్రిజ్ తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు.

“మంట పెడితే చల్లబడేది లోకంలో ఆ ఫ్రిజ్జొక్కటే,” అంది అమ్మ, బండి మెట్టు మీద కూర్చుని. “నాకు మంట పెట్టి చూడమను, తెలుస్తుంది.”

గ్యాసుతో నడిచే ఫ్రిజ్ అది. వెనకాల చిన్న మంట వెలిగితేనే లోపల చల్లబడుతుంది.

కూతురు గొంతు తగ్గించింది. “రోజూ ఇదేనా అమ్మా?”

“రోజూ ఇదే. పొద్దున్నే చూస్తే కొండెక్కి ఉంటుంది.”

“కరెంటుది కొత్తది కొనేస్తాను. ఆ మోకాళ్లతో ఆయన ఎన్నాళ్లని వంగుతారు?”

“ఆ పని మాత్రం చెయ్యకు.” అమ్మ మసి వేళ్లను తువ్వాలుకు తుడుచుకుంది.

ఇంకా మాడుగిన్నెలు తనే తోముకుంటోంది కాబోలు అనుకుంది కూతురు. సాయంత్రం తను వెళ్లిపోవాలి. ఈలోపు నాన్న ఒక్కసారి ‘చిట్టీ’ అని పిలిస్తే చాలు. వచ్చినప్పటి నుంచి దానికోసమే కాచుకుని ఉంది.

“ముందు పొయ్యి వెలిగించండి,” అన్నారాయన.

“వెలిగిందండీ.”

“అయితే గ్యాసు వస్తోంది. ఇక బయటికెళ్లి, ఫ్రిజ్ వెనకాల ఉన్న ఆ జాలీమూత తీసి లోపలికి చూడండి. నేను మీట నొక్కుతాను.”

పొద్దున చెంచా పట్టుకుని, అదెందుకో తెలియక చూస్తూ కూర్చున్న మనిషి. ఇప్పుడు ఆ గొంతులో తడబాటు లేదు.

టక్. టక్.

“ఏమైనా కనబడిందా?”

“చప్పుడే ఉందండీ. నిప్పురవ్వ లేదు.”

“అచ్చం మా బావమరిదే!”

“మా తమ్ముణ్ని మాత్రం మరిచిపోరు!” అంది అమ్మ.

ఆయన బయటికొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. సాలీడు గూడు కట్టినా మంట పట్టదని, చిన్న బ్రష్షుతో లోపలంతా దులిపారు. గూడు లేదు. తీగ వెంబడి వేలు పోనిచ్చి, చివర ఆగారు.

“ఇదీ దొంగ! రవ్వ తెచ్చే తీగ ఊడింది. కొండదారి కుదుపులు మరి.”

కూతురు గడ్డిలో కూరుకుపోయిన చక్రాల వైపు చూసింది. “అవునండీ. రోడ్డేం బాగాలేదు.”

ఆయన తీగ తగిలించి లోపలికి వెళ్లగానే ఆమె అమ్మ దగ్గరికి వంగింది. “అది మళ్లీ ఊడకుండా బిగించేస్తే పోదా?”

“పాత వస్తువు. ఎక్కువ కెలక్కూడదు.”

టక్. నీలం మంట లేచింది.

“వెలిగింది!”

“ఉండండి, వెంటనే వదిలితే ఆరిపోతుంది. ఏడో ఎక్కం అయ్యేదాకా నొక్కిపట్టాలి. ఏడొకట్ల ఏడు. ఏడు రెళ్లు పద్నాలుగు. ఏడు మూళ్లు...”

గొంతు ఆగిపోయింది. తర్వాతి అంకె కోసం వెతుకుతూ మీట మీది వేలు జారినట్టుంది. మంట చటుక్కున ఆరిపోయింది.

“ఏమైంది?” లోపలి నుంచి గొంతు వణికింది. “కొండెక్కిందా?”

ఆ మాట వినగానే ఆమెకు ఒక మలుపు, ఒక చల్లటి గాలి గుర్తొచ్చాయి. కొండమీద బండి ఆపి, ఇలాగే వంగి, “అయ్యో, కొండెక్కింది” అన్నారు నాన్న. దీపం ఆరిపోతే అలా అంటారని ఆమెకప్పటికి తెలియదు. తను చెప్పిన జవాబుకు అమ్మా నాన్నా కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

అదే జవాబు ఇప్పుడూ నోటికొచ్చింది.

“మనమూ ఎక్కాం కదా నాన్నా!”

అమ్మ మెట్టు మీద కదలకుండా కూర్చుంది.

లోపలి నుంచి నవ్వు వినిపించింది. పాత నవ్వే.

“చిట్టీ! మంట చూడవే అంటే దిక్కులు చూస్తావేం? టార్చి తిన్నగా పట్టు. ఎక్కం నువ్వు చెప్పు, నేను నొక్కుతాను.”

ఆమె చెప్పింది. ఆమె తడబడ్డ చోటల్లా నాన్న అందుకున్నారు. ఎక్కం అయ్యాక ఆయన వేలు తీశారు. మంట నిలబడింది.

“ఎప్పుడొచ్చావే? ఇలా చిక్కిపోయావేం?” అంటూ బయటికొచ్చి, మసి చేత్తోనే ఆమె తల నిమిరారు.

కాసేపే. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చేసరికి చూపు మారిపోయింది.

“పాపం, ఈవిడ చాలా సాయం చేశారు,” అన్నారు అమ్మతో. “కాసిని మంచినీళ్లివ్వు.”

కూతురు తల తిప్పుకుంది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“పిలిచారుగా. ఏడవకు. ఎండగా ఉంది, ఆయన్ని లోపలికి తీసుకెళ్లు. నేను గ్యాసు కట్టేసి, మూత పెట్టి వస్తాను.”

ఇద్దరూ గుమ్మం దాటేదాకా అమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత గ్యాసు కట్టేసి, జాలీమూత చేతిలోకి తీసుకుంది.

మూత పెట్టే ముందు, రేపటి కోసం ఆ తీగను మళ్లీ ఊడదీసింది.