తలుపుల్లేని బీరువా

“గోడబీరువా తలుపులు పీకీడమేటప్పా? ఆయన సూత్తే ఊరుకుంటాడా?”

గౌరీశ్వరి మాట చిలకమ్మ వినిపించుకోలేదు. రెండో రెక్క కూడా ఊడదీసి గోడకు చేరేసింది. లోపల్నుంచి మాసిన లంగాలు, పప్పు డబ్బా, కూతురు సీతాలు పలక, రెండు నెలల క్రితం పోయిందనుకున్న రేషన్ కార్డు ఒకదాని వెంట ఒకటి జారిపడ్డాయి.

“తలుపేసినావంటే లోపలేటున్నాదో నీకు గుర్తుండదు. కళ్ళకి కనపడిందే నీకున్నట్టు. అవునా?”

గౌరీశ్వరి రేషన్ కార్డు చేతిలోకి తీసుకుని తలూపింది. ఆ కార్డు కోసం ఆమె పడని మాట లేదు.

ఆమె భర్త గురునాథరావు వెల్డరు. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజులవి. పని దొరికాక కూర్మన్నపాలెంలో ఇల్లు అద్దెకు తీసుకుని, పెళ్ళాన్నీ నాలుగేళ్ళ కూతుర్నీ తెచ్చుకున్నాడు.

చిలకమ్మ పరిచయమై వారం కూడా కాలేదు. మొదటిసారి వచ్చినరోజు మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబడి మంచినీళ్ళడిగింది. కంచరపాలెంలో ఒక మెస్సులో వంట చేస్తుందట, ఇటు పనుండి వచ్చిందట. గౌరీశ్వరికి ఇల్లంతా వెతికినా కడిగిన గ్లాసు ఒక్కటి దొరకలేదు. స్టవ్ మీద పాలు మాడుతున్నాయి. గది సగం ఊడ్చి ఉంది. బట్టలు సగం తడిపి ఉన్నాయి. వంకాయలు సగం తరిగి ఉన్నాయి. వాటి మధ్య కూలబడి, ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఏడ్చేసింది.

వచ్చినామె చీపురు అందుకోలేదు. పక్కన కూచుంది.

“పొద్దుట్నుంచి ఎన్ని పన్లు మొదలెట్టినావు?”

గౌరీశ్వరి వేళ్ళు లెక్కపెట్టుకుంది. “తొమ్మిది.”

“ఎన్ని అయినాయి?”

గౌరీశ్వరి సగం తరిగిన వంకాయల వైపు చూసింది.

“బద్ధకం అంటాడు మా ఆయన. బద్ధకమైతే ఒకసోట కూకుంటాను కదప్పా? నాను కూకోను. ఒక పని సేత్తంటే ఇంకో పని పిలుస్తాది.” కళ్ళు తుడుచుకుంది. “నెలాఖరు వరకే గడువిచ్చినాడు. అప్పటికీ ఇల్లు ఇలాగుంటే నన్ను మా ఊరి బస్సెక్కించీస్తాడట. సీతాలు ఇక్కడే ఉంటాదట.”

గుమ్మం పక్కన ట్రంకుపెట్టె ఒకటి అప్పటికే దించి ఉంది. చిలకమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

“రేపొస్తాను,” అంది.

అప్పట్నుంచి రోజు విడిచి రోజు వచ్చింది. పదకొండింటికి దిగేది, సాయంత్రం వంట ఉందంటూ నాలుగు కాకుండానే బస్సెక్కేది. ముందు సామాను తగ్గించింది. ఇరవై గిన్నెల్లో ఆరు ఉంచి, మిగతావి గోనెసంచిలో కట్టి అటకెక్కించింది. “ఆరుంటే ఆరే తోముతావు.” ఉన్నవాటిని బీరువా అరల్లో కళ్ళెదుట పెట్టించి, ఏది ఎక్కడుండాలో సుద్దముక్కతో గుర్తులు గీసింది.

“జంక్షన్లో బస్సు హారను ఇనపడీదాకా ఈ గది గడప దాటకు. మద్దిలో ఇంకోటి గుర్తొస్తే గోడమీద బొగ్గుతో రాసీ. దాని ఎనకాల ఎల్లిపోకు.”

కొన్నాళ్ళు బాగా జరిగింది. ఒక రోజు చిలకమ్మ వచ్చేసరికి ఇల్లు మళ్ళీ మొదటికొచ్చింది. మాడిన పప్పు గిన్నెను గౌరీశ్వరి పెరట్లో ఆకుల కింద దాచింది.

“నాకు రాదప్పా. నన్నొగ్గీ.”

చిలకమ్మ తిట్టలేదు. గిన్నె తెచ్చి బూడిదేసి, ఇద్దరికీ మధ్య పెట్టుకుని తోమడం మొదలుపెట్టింది.

“నీకివన్నీ ఎవులు నేర్పినారు?” కాసేపటికి అడిగింది గౌరీశ్వరి.

“ఎవులూ నేర్పనేదు. నానూ నీలాంటిదాన్నే. నాకు నానుగా నేర్సుకున్నాను. పదేళ్ళు పట్టింది.”

“మరి మీ ఆయన తిట్టీవోడు కాదా?”

“తిట్టీవోడు.”

“తరవాత?”

చిలకమ్మ గిన్నెను బోర్లించి అడుగు తోమింది. “తరవాత తిట్టడం మానీసినాడు.”

అదృష్టవంతురాలు అనుకుంది గౌరీశ్వరి.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు ఇద్దరూ కలిసి ఇల్లు కడిగారు. సీతాలు తన పలకను తనే బీరువాలో పెట్టింది.

“ఇయ్యాల ఉండిపో అప్పా. ఆయన్ని సూసి ఎల్దువు గాని.”

“వద్దు. నా పేరు కూడా ఎత్తకు. ఇంకెవులో సర్దిపెట్టినారని తెలిస్తే నీ కష్టాన్ని లెక్కెయ్యడు. ఇది నువ్వు సర్దుకున్న ఇల్లు.”

మర్నాడు చిలకమ్మ వచ్చేసరికి గౌరీశ్వరి వీధిలోకే ఎదురొచ్చింది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

“ఏటీ అననేదప్పా! గదులన్నీ తిరిగి సూసినాడు. తలుపులేవని అడిగినాడు. ఇలాగైతే నాకన్నీ కనపడతాయి అన్నాను. అన్నం తిన్నాడు. సీతాలుని ఒళ్ళో కూకోబెట్టుకున్నాడు. తరవాత ఆ ట్రంకుపెట్టి తనే అటకెక్కించీసినాడు.”

చిలకమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసింది. ట్రంకుపెట్టె ఉన్నచోట నేల తడిగా మెరుస్తోంది. గౌరీశ్వరి కడిగిన గ్లాసులో మంచినీళ్ళు తెచ్చింది. చిలకమ్మ నిలబడే తాగి, సీతాలు బుగ్గ నిమిరి, “ఇంక రాను. నీకు నా పని లేదు,” అంది. గౌరీశ్వరి చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది.

జంక్షన్లో జామకాయలమ్మే జోగమ్మ ఆమెను చూసి బుట్ట పక్కకు జరిపింది. “నెల్లాళ్ళబట్టి సూత్తన్నాను. ఈ ఎండలో వస్తన్నావు, ఎల్తన్నావు. ఎవులింటికమ్మా?”

“గౌరీశ్వరింటికి.”

“ఆ పిల్లా? మొగుడు ఎల్లగొట్టీస్తాడని ఏడిసీది, పాపం.”

“ఇంక ఎల్లగొట్టడు.”

“నీ సెల్లేటి?”

“కాదు.”

“మరి నీకేటవుద్ది?”

కంచరపాలెం వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. చిలకమ్మ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“నా సవితి.”