జ్ఞానరత్నం గ్రౌండు

“సచ్చినోడి పేరు మీద సెప్పులెడతావేట్రా?”

ఎర్రయ్య రంగు డబ్బా విసిరికొట్టాడు. క్లబ్బు సెక్రటరీ విల్‌ఫ్రెడ్ ప్యాంటు మీదంతా ఎర్రరంగు చిందింది.

నిమ్‌పురా ఫుట్‌బాల్ మైదానం పేరును కలకత్తా చెప్పుల కంపెనీ ఒకటి కొనుక్కుంది. బదులుగా గ్యాలరీ కట్టిస్తుంది, లైట్లు వేయిస్తుంది. గోడ మీద ‘జ్ఞానరత్నం గ్రౌండు’ అన్న అక్షరాలు చెరిపి కంపెనీ పేరు రాయాలి. ఆ పని ఎవరికి చెప్పారు? ఎర్రయ్యకే! సిగ్గుండక్కర్లేదూ?

జ్ఞానరత్నం రైల్వే లోకోషెడ్డు జట్టు గోల్‌కీపరు. డెబ్బై ఎనిమిదిలో వర్క్‌షాపు జట్టుతో ఫైనల్ ఆడుతూ, ఇదే గ్రౌండులో, బంతి కోసం ముందుకు దూకి పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

గోడ మీద అతని పేరు రాసింది ఎర్రయ్యే. వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు రాసే పని అతనిది. ఒకప్పుడు మంచి ఆటగాడు. ఆ ఫైనల్ తర్వాత మరి బూట్లు తొడగలేదు. ఏటా సమాధుల పండుగనాడు క్రైస్తవులంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేసుకుంటుంటే, నూకాలమ్మకు మొక్కే ఎర్రయ్య ఇక్కడికొచ్చి ఆ అక్షరాలకు కొత్త రంగు వేసేవాడు. పదిహేడేళ్లుగా ఇదే వరస. ఎందుకని ఎవరూ అడగలేదు.

“పిల్లలు ఎండలో మాడిపోతన్నారు దాదా. గ్యాలరీ వద్దేటి?” అన్నాడు విల్‌ఫ్రెడ్.

“అయితే మీ అయ్య పేరు అమ్ముకో!”

“నా మీద ఎగుర్తావేటి? సరోజమ్మ పిన్నే సరేనన్నాది.”

సరోజమ్మ జ్ఞానరత్నం భార్య. ఎర్రయ్యకు ఒళ్లు మండిపోయింది. సైకిల్ సంగతి కూడా మరిచిపోయి, పూరీ గేట్‌లో ఆమె ఇంటికి నడిచే వెళ్లాడు.

ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

“వదినా, నీకు మనసెలాగొప్పింది? మొగుడి పేరు సెరిపేత్తామంటే ఊఁ అంటావా? ఆ గోడే నేకపోతే ఆడెవుడికి గుర్తుంటాడు?”

“నాకుంటాడు.”

“నేను బతికుండగా ఆ పేరు పోదు. ముట్టుకున్నోడి సెయ్యి ఇరిసేత్తాను!”

“ముట్టుకోవలసినోడివి నువ్వే. నీ సేతే సెరిపించమని విల్‌ఫ్రెడ్‌కి నేనే సెప్పినాను.”

ఎర్రయ్య గుమ్మం ముందు చతికిలబడ్డాడు.

“నీకేటి పాపం సేసినాను వదినా, నాకీ శిక్ష?”

సరోజమ్మ చేట పక్కన పెట్టింది.

“ఆ దినం నువ్వు తన్నబోయింది బంతినే గానీ మా ఆయన గుండెని కాదని నాకు అప్పుడే తెల్సు ఎర్రయ్యా, ఆ పేరు నీ సేత్తోనే సెరిపీసి ఇకనైనా సుకంగా పడుకో.”