రెండు దినాల మెహమాన్

పరదా అవతల డాక్టర్ విఠల్‌రావు గొంతు వినబడగానే మంచం మీద పెంటయ్య చెవులు రిక్కించాడు. ముందు మాటలు పక్క మంచం ముసలాయన దగ్గులో కలిసిపోయాయి. చివరి ముక్క మాత్రం స్పష్టంగా వినబడింది.

"...దో దిన్ కే మెహమాన్ హై, రుక్మాబాయి."

పెంటయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు రోజుల చుట్టం. పాతబస్తీలో ఇంటింటికీ పాలు పోసేవాడికి ఆ మాట విప్పి చెప్పాలా? ఇక దక్కడనుకున్న మనిషినే అట్లా అంటారు. కడుపునొప్పని నిన్న తన కాళ్ల మీద దవాఖానకు నడిచొచ్చినవాడు ఇవ్వాళ చుట్టమైపోయాడు.

కొంతసేపు పరదా అవతల గుసగుసలు వినిపించాయి. మోయడానికి భార్య నలుగురిని మాట్లాడుతోంది కాబోలనుకున్నాడు.

భార్య రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చింది. భుజాలు కదులుతున్నాయి.

"డాక్టర్ ఏమన్నడే?"

"నువ్వు ఇనలేదా?"

"ఇన్న."

"మరి నన్నేం అడుగుతవ్?" అని ఆమె మంచం అంచున కూర్చుని అతని కాళ్లు ఒత్తసాగింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఎన్నడూ లేని ముచ్చట అది. పెంటయ్యకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"మనసుల ఏమన్న ఉంటే చెప్పయ్యా. బరువు దిగుతది."

మనసులో ఉన్నది ఒకటే. పోలీసు యాక్షన్ అయిన ఏడాది రుక్మాబాయి వెండి దండకడియం మాయమైంది. ఆమె తమ్ముడు ఎల్లప్పే తీశాడని పెంటయ్య మైసమ్మ మీద ఒట్టేశాడు. ఆ ఒక్క మాటతో ఎల్లప్ప మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు. ఇప్పుడా దొంగ ఒట్టు మూటగట్టుకుని మైసమ్మ ముందుకు ఏ మొహంతో పోవాలి?

"రుక్మా, కడియం ఎల్లప్ప తియ్యలే. నేనే పత్తర్‌గట్టిల అమ్మిన. మలక్‌పేటల గుర్రం మీద పెట్టిన."

"గెలిచిందా?"

"ఏడ గెలుస్తది? నడుమల నిలవడి గడ్డి మేసింది."

ఆమె భుజాలు ఇంకా జోరుగా కదిలాయి. పెంటయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నన్ను మాఫ్ చేస్తవా?"

"మెహమాన్‌ను ఏమంటనయ్యా? ఈ రెండు దినాలు ఏమనను."

పెంటయ్య గుండె తేలికపడింది. చేతులు రెండూ రొమ్ము మీద పెట్టుకుని, బుద్ధిగా కళ్లు మూసుకుని, ప్రాణం పోవడానికి సిద్ధంగా పడుకున్నాడు.

అప్పుడే డాక్టర్ వచ్చి కడుపు మీద తట్టాడు. "ఏం పెంటయ్యా, గిట్ల బిగుసుకున్నవేంది? కడుపుల గాలి పట్టింది, అంతే. రెండు దినాలు మా దవాఖానకు మెహమాన్‌వి, బుధవారం ఇంటికి పోతవని మీ ఆమెకు చెప్పిన గద."

ఆయన పక్క మంచానికి వెళ్లిపోయాడు. పెంటయ్య నోరు తెరిచి భార్య వైపు చూశాడు.

"రుక్మా, నీకు గది సమజ్ కాలేదా?"

రుక్మాబాయి నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసేసింది.

"మంచిగనే సమజైంది. గందుకే, నిన్ను చూడొచ్చిన ఎల్లప్పను గా పరదా ఎనుకనే నిలవెట్టిన."