ఐదు నిమిషాల పెద్దాయన

“మీరు రాసేది మరీ పొడుగైపోతోందండీ.”

కుట్టుమిషన్ల షాపాయన తలెత్తి చూశాడు. కౌంటర్ అవతల లావు కళ్లద్దాల పెద్దాయన. కొన్నది ఒక్క సూదుల ప్యాకెట్.

“ఏది పొడుగు?”

“మీ బ్లాగు. మొన్న సూది విరగడం గురించి రాశారు కదా. మొదటి పేజీలో మీ తాతగారున్నారు. రెండో పేజీలో మీ నాన్నగారున్నారు. సూది దగ్గరికొచ్చేసరికి మూడో పేజీ అయింది.”

స్టాకు సర్దుతున్న మేనకోడలు నవ్వు ఆపుకోలేక అల్మారా వెనక్కి వెళ్లింది. బ్లాగు పెట్టించింది ఆమే. నలుగురూ చదివితే షాపు పేరు పాకుతుందంది. షాపాయన రెండు నెలలకొకటి, తీరిగ్గా, పది పేజీలు రాసేవాడు.

“మరెంత రాయమంటారు?”

“ఒక్క పేజీ. ఒక్కటే సంగతి. ఐదు నిమిషాల్లో అయిపోవాలి. కానీ వారానికి రెండు కావాలి.”

“ఒక్క ప్యాకెట్ కొని వారానికి రెండా?”

“మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి,” అన్నాడు పెద్దాయన, వెటకారం వినపడనట్టు.

ఆయన మెట్లు దిగాక మేనకోడలు బయటికొచ్చింది.

“ఆయనన్నది నిజమే మావయ్యా. రెండు నెలలకోసారి తెరిచే షాపుకి ఎవరొస్తారు?”

ఆ లెక్క షాపాయనకు పట్టింది.

ఆ వారమే మొదలుపెట్టాడు. దారం ఎందుకు తెగుతుందో ఒకటి. అడుగు దారం ఉండే బాబిన్ కేసులో పీచు ఎలా చేరుతుందో ఒకటి. తాతగారిని కొట్టేసేటప్పుడు చెయ్యి ఆడలేదు. అయినా కొట్టేశాడు.

రెండు నెలల్లో పదహారు రాశాడు. ప్రతిదాని కిందా చదివినవాళ్ల సంఖ్య ఒక్కటే. ఒకటి.

పెద్దాయన మళ్లీ సూదులకొచ్చినప్పుడు అడిగేశాడు.

“ఆ ఒక్కరూ మీరేనా?”

“నేనేనండీ.”

“మీ మాట విని చిన్నవి రాశాను, గబగబా రాశాను. ఏం లాభం? ఒక్క గిరాకీ కోసం ఎవరైనా షట్టర్ ఎత్తుతారా?”

“ఆపకండి. ఒక్కరు కాదండీ, అసలు సంగతేంటంటే...”

అంతలో ఎవరో పాడైన మోటారు మోసుకుంటూ లోపలికొచ్చారు. షాపాయన అటు తిరిగాడు.

“పనుంది పెద్దాయనా. ఇక రాయను. సూదులు కావాలంటే రండి.”

పెద్దాయన కాసేపు అలాగే నిలబడ్డాడు. మోటారు బేరం తెగేలా లేదు. ప్యాకెట్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నాలుగు నెలల్లో షాపు ఎందుకో పుంజుకుంది. ఆడవాళ్లు ఇద్దరేసి, ముగ్గురేసి వచ్చేవారు. ఏ నంబరు సూది కావాలో, ఏ నూనె కావాలో ముందే తెలిసినట్టు అడిగేవారు. బేరమాడేవారు కారు.

“కొత్త బోర్డు పెట్టాను కదా, దాని మహిమ,” అన్నాడు మేనకోడలితో.

ఒక శనివారం ముగ్గురు వచ్చి ఏమీ కొనకుండా నిలబడ్డారు. వాళ్లలో పెద్దావిడ గొంతు సవరించుకుంది.

“నిన్నటిది మీ దగ్గరే తీసుకుందామని వచ్చామన్నా.”

“నిన్నటిదేంటమ్మా?”

“మీరు రాసింది. నిన్న శుక్రవారం కదా. చదివేవాళ్లు లేకపోయారు.”

షాపాయనకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది.

“బట్టల ఫ్యాక్టరీలో కుట్టు హాలు మాది. లోపలికి ఫోన్లు రానివ్వరు. టీకి పది నిమిషాలు వదులుతారు. ఐదు నిమిషాలు టీకి, ఐదు నిమిషాలు మీకు. మా కటింగ్ మాస్టరు మీరు రాసింది బుక్కులో ఎక్కించుకొచ్చి, నిలబడి చదివేవాడు. ఎనభై మందిమి. గ్లాసు చప్పుడు కూడా చేసేవాళ్లం కాదు.”

“మీవి విన్నాకే మేం కుట్టినవి వెనక్కి రావడం తగ్గింది,” అంది చిన్నమ్మాయి. “లేకపోతే ఈపాటికి నన్ను ఇంటికి పంపేసేవాళ్లు.”

“లావు కళ్లద్దాలాయనేనా?” షాపాయన నెమ్మదిగా అడిగాడు. “ఎక్కడున్నాడు?”

“బుధవారం బల్ల దగ్గరే కూలబడ్డాడన్నా. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.”

బయట రోడ్డు మీద ఏదో బండి చాలాసేపు హారన్ కొట్టింది.

ఒకటి అని కొట్టిపారేసిన చోట ఎనభై. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత తప్పు లెక్క ఎప్పుడూ వెయ్యలేదనుకున్నాడు.

పెద్దావిడ సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది.

“ఆయన సొరుగులో ఉంది. ఇకమీదట మీరే దీంట్లో రాసివ్వండన్నా. మాలో ఎవరో ఒకరం చదువుకుంటాం.”

షాపాయన తెరిచాడు. మొదటి పదహారు పేజీలు తను రాసినవే, పొల్లుపోకుండా.

పదిహేడో పేజీ తిప్పాడు. ‘నూనె వేశాక ముందు చింకి గుడ్డ మీద కుట్టండి, మంచి గుడ్డకు మరక అంటదు.’ ఒక్క పేజీ. ఒక్కటే సంగతి. పైన మంగళవారం తేదీ.

ఆ మంగళవారానికి షాపాయన రాయడం మానేసి మూడు రోజులు.

తరవాతి పేజీ శుక్రవారానిది. ఆ తరవాతది మంగళవారానిది. నాలుగు నెలల పాటు ఒక్క వారం కూడా తప్పలేదు.

మేనకోడలు భుజం మీదుగా తొంగిచూసింది.

“ఇవన్నీ ఎప్పుడు రాశావు మావయ్యా?”

షాపాయన పేజీలు గబగబా తిప్పాడు. చివరి పేజీకి వెళ్లాడు. నిన్నటి తేదీ వేసి ఉంది. విషయం సగంలోనే ఆగిపోయింది. అడుగున మాత్రం ముందే రాసిపెట్టిన రెండు వరుసలున్నాయి, మిగతా అన్ని పేజీల్లో ఉన్నట్టే, ఆ పెద్దాయన వంకర అక్షరాల్లోనే: రాసినవారు అని షాపాయన పేరు, దాని కింద షాపుకి దారి.