అత్తయ్య బొటనవేలు

ఉప్పునీళ్ల బకెట్లోకి తొంగిచూసి ఎగిరి గంతేశాను. నేను లేజర్ మెషీన్‌తో కోసిన రెండు స్టీలు ముక్కలు వారం నుంచి అందులో నానుతున్నాయి. ఆక్సిజన్‌ గ్యాసు ఊదుతూ కోసిన దాని అంచు మాడి తుప్పు పట్టింది. నైట్రోజన్‌ పెట్టి కోసినది మాత్రం అద్దంలా మెరుస్తోంది!

గబుక్కున ముక్క లాగి అత్తయ్య దగ్గరికి పరుగెత్తాను. మా షెడ్డులో ఆవిడ బొటనవేలు ఒప్పుకుంటేనే సరుకు గడప దాటుతుంది. ఆ వేలు ఇప్పటికి నన్ను పంతొమ్మిదిసార్లు తిప్పికొట్టింది. ఈసారీ కాదంటే ఉప్పునీళ్లకు తుప్పు పట్టని ముక్కలడిగిన పడవలవాళ్ల ఆర్డరు పోయినట్టే.

ఆవిడ ఎప్పట్లాగే ముక్కకేసి చూడకుండా, నా మొహంలోకే చూస్తూ అంచు మీద వేలు జరిపింది.

"పాస్!"

నా కాళ్లు నేలమీద నిలవలేదు. ఆవిణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పేశాను. అప్పుడు కనిపించింది, ఆవిడ వేలికి ఎర్రటి తుప్పు.

"అయ్యో అత్తయ్యా! హడావిడిలో బకెట్లోంచి తుప్పు ముక్క తెచ్చాను. దీన్నెలా పాస్ చేశారు?"

ఆవిడ తీరిగ్గా వేలు తుడుచుకుంది. "ముప్పై ఏళ్లు ఆకురాయి పట్టిన వేళ్లే ఇవి. మొద్దుబారిపోయి ఎన్నాళ్లయిందో! ఇన్నాళ్లూ నీ మొహం చూసే చెబుతున్నా. నీకే నమ్మకం లేని ముక్క తెచ్చినప్పుడల్లా నీళ్లు నములుతావు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు పాస్ చేసింది నువ్వు గంతులేసిన ముక్కనేగా, వెర్రిదానా. అది బకెట్లోనే ఉంది. తీసి పంపించు."