బొట్టు పెట్టిన డిస్కు

“మదనన్నా, జర ఆ పాత కంప్యూటర్ల డిస్కులు నువ్వే ఊడదీసియ్యవా? నా చేతులు వణుకుతున్నయ్,” అంది స్వప్న.

మదన్‌మోహన్‌కు ఒళ్లు మండింది. జహీరాబాద్‌లోని ఈ పెళ్లి వీడియోల స్టూడియోకు ఇన్నేళ్లూ తనే పెద్ద దిక్కు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చే నిన్నగాక మొన్నటి పిల్లకు ఓనరు శోభారాణి కొత్త లినక్స్ కంప్యూటర్ అప్పగించింది. పాతదాంట్లోని పెళ్లిళ్లన్నీ అందులోకి మార్చేస్తే, ఇక షాపు పెత్తనమూ ఆ పిల్లదే!

“మూడు డిస్కులు కలిసి ఒక్కటే గోదాం లెక్క,” చెప్పింది స్వప్న. “పాతదాంట్ల ఎక్స్‌పోర్ట్ కొట్టిన. కొత్తదాంట్ల పెట్టి ఇంపోర్ట్ కొడితే అయిపాయె. గీ బొట్టు పెట్టింది మాత్రం పైలం అన్నా. గిది లేకుంటే ఒక్క పెళ్లి గూడ తెరుసుకోదు.”

పొద్దున కొత్త కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టి, మిగిలిన కుంకుమతో ఆ డిస్కుకూ బొట్టు పెట్టింది స్వప్నే. భక్తి ఒకటి, అనుకున్నాడు మదన్‌మోహన్. బొట్టు డిస్కు అతని బ్యాగులోకి పోయింది.

తప్పిపోయినవి వెతకడంలో అతను దిట్ట. మొన్న రాయికోడ్ పెళ్లిలో స్వప్న కెమెరా బ్యాటరీ కనిపించకపోతే, సరిగ్గా జీలకర్రబెల్లం వేళకు వెతికి తెచ్చింది అతనే. శోభారాణి అందరి ముందూ మెచ్చుకుంది.

“రెండే ఉన్నయి!” అప్పుడే లోపలికొచ్చిన శోభారాణి బల్ల మీది డిస్కులు మళ్లీ లెక్కపెట్టింది. “రాయికోడోళ్లు వీడియో కోసం బయల్దేరిన్రు. మూడోదేది?”

స్వప్న మొహంలో దిగులే లేదు. అది చూసి అతనికి ఇంకా మండింది.

“పరేషాన్ గాకున్రి మేడం. నేను దేవులాడుత,” అంటూ బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. హైవే పక్కన నింపాదిగా చాయ్ తాగాడు. కాసేపు ఏడవనీ!

తిరిగొచ్చి, “దొరికింది! ముందు గదిల టేబుల్ కింద పడున్నది!” అని డిస్కు ఎత్తి చూపించాడు.

ఎవరూ తల తిప్పలేదు. కొత్త కంప్యూటర్లో రాయికోడ్ పెళ్లి బాజాలతో సహా ఆడుతోంది. శోభారాణి సంబరంగా పెళ్లివాళ్లకు ఫోన్ చేస్తూ బయటికి వెళ్లింది.

“రెండిట్లనే ఎట్ల తెరుసుకుంది?” మదన్‌మోహన్ స్క్రీన్ దగ్గరికి వంగి చూశాడు.

స్వప్న డిస్కు అందుకుని చున్నీతో బొట్టు తుడిచింది. “దీంట్లయన్నీ నిన్ననే ఆ రెండిట్లకు జరిపి, దీన్ని ఆ గోదాంలకెళ్లి ఇడదీసిన.”

“ఖాళీదానికి బొట్టెందుకు పెట్టినవ్?”

“బ్యాటరీ దాసినట్టు దీన్నే దాస్తవని, అన్నా.”